పొట్టి గేరు రాడ్డు

1963 ఫిబ్రవరి 3, ఆదివారం

డాక్టర్ సరోజమ్మ ఇచ్చిన డైరీ ఇది. ఏదో మందుల కంపెనీది. తనకు రెండు వచ్చాయట, ఒకటి నాకిచ్చారు. జనవరి పేజీలన్నీ ఖాళీ. ఆ నెలంతా ఆయన చేతికి కట్టుతోనే పోయింది.

ఎవరూ చూడరు కాబట్టి ఆయన పేరు రాస్తున్నాను. గంగాధర. పెళ్ళయిన ఆరేళ్ళలో ఇదే మొదటిసారి రాయడం. అక్షరాలు వంకరగా వచ్చాయి.

ఆయనకు సొంత బండి ఉంది. పాత మారిస్ మైనర్, నల్లది. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం మధ్య బాడుగకు తిప్పుతాడు. మా ఇల్లు గడిచేది దాని మీదే. డిసెంబరులో ధర్మవరం స్టేషన్ దగ్గర పట్టుచీరల మూట బండి పైన కడుతుంటే తాడు తెగింది. ఎడమ భుజం మీద పడ్డాడు, ఎముక విరిగింది. కట్టు నిన్న విప్పారు. రేపట్నుంచి బండి తీస్తానని అంటున్నాడు.

ఫిబ్రవరి 5

తియ్యలేదు.

బండి స్టార్ట్ అయింది. కదల్లేదు. వాకిట్లో నిలబడి చూస్తున్నాను. ఆయన ఎడమ చెయ్యి గేరు రాడ్డు దాకా పోయింది. రాడ్డును ముందుకు తొయ్యాలంటే భుజం సాగాలి. సాగలేదు. ఒళ్ళంతా ముందుకు వంచి తోశాడు. ముఖం స్టీరింగుకు తగిలింది.

కార్బురేటర్ సరిగా లేదని మా అత్తకు చెప్పాడు. అత్త నమ్మింది.

ఫిబ్రవరి 8, తెల్లవారుజాము ఐదు గంటలు

నిన్న డాక్టరమ్మ మనిషిని పంపారు. పెనుకొండ పోవాలి, ఆరు గంటలకు బండి కావాలని. ఆయన వస్తానని చెప్పి పంపాడు. ఎట్లా పోతాడో అడగలేదు నేను.

ఇప్పుడు లేచి చూస్తే బండిలో కూచుని ఉన్నాడు, ఇంజన్ ఆపేసి. పోయి ఎడమ వైపు తలుపు తీసి పక్కన కూచున్నాను. నన్ను చూడలేదు. "ఫస్ట్ గేరు నాకు దూరం ఉండాది, నీకు దగ్గర" అన్నాడు. అంతే. రాడ్డు మీద చెయ్యి పెట్టాను. ఎటు తొయ్యాలో చూపించాడు. క్లచ్చు తొక్కి "ఊఁ" అన్నాడు. తోశాను. పడింది.

చీర మార్చుకోవాలి. నేనూ పోతున్నాను.

ఫిబ్రవరి 9

అరచెయ్యి కమిలింది. బాగుంది.

ఫిబ్రవరి 20, బుధవారం

పన్నెండు రోజులుగా రోజూ పోతున్నాను. ఇప్పుడు ఆయన "ఊఁ" అనక్కర్లేదు. ఇంజన్ గొంతు మారుతుంది, మోకాలు కదులుతుంది, నా చెయ్యి తోస్తుంది. స్టీరింగు, క్లచ్చు, బ్రేకు ఆయనవి. గేర్లు నావి.

డాక్టరమ్మ మొదటి రోజే చూశారు. దారంతా వెనక సీట్లో ఫైలు చదువుకున్నారు. బెల్లం మండీ వాళ్ళు అట్లా కాదు. డ్రైవరు ఒకడా ఇద్దరా అని ఒకాయన అడిగాడు. ఇంకొకాయన, పెళ్ళాన్ని ఎవరన్నా ఎత్తుకుపోతారని పక్కనే పెట్టుకుని తిరుగుతున్నావా అని కన్నడంలో అన్నాడు. నాకు కన్నడం రాదనుకున్నాడు. హిందూపురంలో కన్నడం రానిదెవరికి? మా ఆయన చెవులు ఎర్రబడటం చూశాను.

ముందు సీట్లో నేనుంటే ఒక మనిషి బాడుగ తగ్గుతుంది. మా అత్త నరసమ్మ రోజూ గుర్తు చేస్తుంది. ఆడది బండెక్కి ఊళ్ళు తిరగడం మా వంశంలో లేదని కూడా అంటుంది. వంశంలో బండి కూడా లేదు. అది నేను అనలేదు. ఇక్కడ రాశాను.

మార్చి 2, శనివారం

ఈరోజు ధర్మవరంలో వ్యాపారులను దించి ఖాళీగా వస్తున్నాం. బుక్కపట్నం చెరువు కట్ట దగ్గర రేడియేటర్‌కు నీళ్ళు పొయ్యాలని ఆపాడు. చేపలు పట్టేవాళ్ళు వలలు ఆరేసుకుంటున్నారు. నీళ్ళు పోశాక కూడా బండెక్కలేదు. కట్ట మీద కూచున్నాడు. నేనూ కూచున్నాను.

బిడ్డ గురించి మాట్లాడాడు.

రెండేళ్ళయింది. పుట్టింది, ఏడవలేదు. ఆ రోజు నుంచి ఇంట్లో మేమిద్దరం అన్నం పెట్టు, నీళ్ళు తే, తలుపు వెయ్యి తప్ప ఏమన్నా మాట్లాడుకున్నామా అంటే నాకు గుర్తు లేదు. ఆయనకు బాధ లేదనుకున్నాను. మగవాళ్ళకు తొందరగా పోతుందనుకున్నాను. ఆయన ఈరోజు చెప్పాడు, ఆ బిడ్డను గుడ్డలో చుట్టి తనే తీసుకుపోయాడు కదా, ముందు సీట్లో పెట్టుకున్నాడట. నా సీట్లో. మూడో గేరు కూడా వెయ్యలేదట దారి పొడుగునా. కుదుపు తగులుతుందని.

ఆయన చెయ్యి పట్టుకున్నాను. చేపలవాళ్ళు చూస్తే చూశారు.

తిరిగి వచ్చేటప్పుడు "నువ్వు" అన్నాను. ఇంట్లో అత్త ముందర "మీరు" అనాలి. బండిలో "నువ్వు" వచ్చేసింది. ఆయన వినిపించుకోనట్టు ఉన్నాడు కానీ నవ్వుకున్నాడు.

మార్చి 3

ఆదివారం. బాడుగ లేదు. రోజు గడవలేదు.

మార్చి 20, బుధవారం

పెనుకొండలో యోహాను షెడ్డుకు పోయాం. యోహాను ఆయనకు చిన్నప్పటి స్నేహితుడు. మిలిటరీలో లారీలు బాగుచేసి వచ్చాడు. నేను గేరు వెయ్యడం చూసి చాలాసేపు తల గోక్కున్నాడు. తర్వాత ఒక సంగతి చెప్పాడు.

బెంగళూరులో రేసుల పిచ్చివాళ్ళు ఉన్నారట. కంపెనీ ఇచ్చిన రాడ్డు తీసేసి పొట్టి రాడ్డు వేసుకుంటారట. పైన పొట్టి, కింద కీలు దగ్గర పొడుగు. అప్పుడు జానెడు తొయ్యాల్సిన చోట నాలుగు వేళ్ళు తోస్తే చాలు, గేరు పడుతుంది. వాళ్ళు తొందర కోసం వేసుకుంటారు. మనం చెయ్యి సాగకుండా ఉండటానికి వేద్దాం అన్నాడు. విడి సామాన్లు అమ్మే షాపు ఒకటి తనకు తెలుసు, ఈ బండికి సరిపోయేది తెస్తానన్నాడు.

ఆయన ముఖం చూశాను. వెలిగిపోయింది. తెమ్మని వెంటనే చెప్పాడు.

నేను కూడా మంచిదే కదా అన్నాను.

మార్చి 21

మంచిదే. ఆయన మొగవాడు. పెళ్ళాం చేత్తో బండి నడుపుతున్నాడని మండీలో నవ్వుతుంటే ఎన్ని రోజులు భరిస్తాడు? మంచిదే.

మార్చి 28, గురువారం, మధ్యాహ్నం

పెనుకొండ. షెడ్డు పక్క చింతచెట్టు కింద కూచుని రాస్తున్నాను. లోపల బిగిస్తున్నారు.

పొట్టి రాడ్డును చేతిలోకి తీసుకుని చూశాను. తళతళలాడుతోంది. పైన నల్లటి గుండు. పాత రాడ్డు గుండు మీద రంగు పోయిన చోటు నా అరచేతికి సరిగ్గా సరిపోతుంది. యోహాను దాన్ని తీసి మూలకు వేశాడు. తెచ్చుకుందామా అనుకున్నాను. ఇనుప ముక్కను ఏం చేసుకుంటాను?

అదే రోజు, సాయంత్రం

పని చేసింది.

పెనుకొండ నుంచి హిందూపురం దాకా ఆయనే గేర్లు వేశాడు. మోచెయ్యి ఒంటికి ఆనించి, మణికట్టుతో. ఎట్లుందని అడిగాను. వెన్నలాగా ఉంది అన్నాడు. నేను పక్కన కూచుని కిటికీలోంచి చూస్తూ వచ్చాను. సోమందేపల్లి దగ్గర ఇంజన్ గొంతు మారింది. నా చెయ్యి దానంతట అదే లేచింది. మళ్ళీ ఒళ్ళో పెట్టుకున్నాను.

మార్చి 29

ఒక్కడే పోయాడు. ముందు సీట్లో బెల్లం మండీ ఆయన కూచున్నాడు.

అత్త సంతోషపడింది. ఇంట్లో మనిషి ఇంట్లో ఉంటే ఇల్లు ఇల్లులాగా ఉంటుందని రెండుసార్లు అంది.

ఏప్రిల్ 1, సోమవారం

రోజూ అడుగుతున్నాను. రోజూ వెన్న అంటాడు. రోజూ నేను మంచిదే అంటాను. మళ్ళీ అన్నం పెట్టు, నీళ్ళు తే.

ఆయన చొక్కా విప్పి ఆరేస్తుంటే కర్పూరం నూనె వాసన వచ్చింది. మా ఇంట్లో కర్పూరం నూనె లేదు.

ఏప్రిల్ 9, మంగళవారం

మధ్యాహ్నం ఆయన భోంచేసి పడుకున్నాడు. అత్త పక్కింట్లో ఉంది. నేను పోయి బండిలో కూచున్నాను. ఆయన సీట్లో. మొదటిసారి.

క్లచ్చు తొక్కి ఎడమ చేత్తో ఫస్ట్ గేరు తోశాను. పడలేదు. గట్టిగా తోశాను. టక్కుమని పడింది. సెకండుకు లాగాను, భుజం దాకా తగిలింది. పాత రాడ్డు రెండు వేళ్ళతో పోయేది. ఎందుకో కాసేపటికి అర్థమైంది. బోరింగు కొట్టేటప్పుడు పిడి చివర పట్టుకుంటే తేలిగ్గా పోతుంది, దగ్గరగా పట్టుకుంటే బరువెక్కుతుంది. ఇదీ అంతే. దూరం తగ్గింది, బరువు పెరిగింది. మగ్గం మీద పెరిగిన చెయ్యి నాది, ఎనిమిదేళ్ళప్పటి నుంచి పోగు బిగించే పలక లాగిన చెయ్యి. దీనికే ఇంత గట్టిగా ఉంటే ఆ విరిగిన భుజానికి ఎట్లా ఉంటుంది?

పన్నెండు రోజులుగా వెన్న అంటున్నాడు. ఆ చొక్కాకు కర్పూరం నూనె వాసన ఎందుకో ఇప్పుడు తెలిసింది.

ఇంకొక సంగతి కూడా రాయాలి. రాయకపోతే ఈ డైరీ ఎందుకు? ఆ రాడ్డు పని చెయ్యకూడదని కదిరి నరసింహస్వామికి మొక్కుకున్నాను. బిగించే రోజున, చింతచెట్టు కింద కూచుని, ఈ డైరీలో మంచిదే అని రాసిన చేత్తోనే. ఇప్పుడు అది పని చెయ్యడం లేదు. ఆ నొప్పి నేను కోరిందే.

ఏప్రిల్ 10

చెప్పాలి. ఎట్లా చెప్పాలి?

ఏప్రిల్ 14, ఆదివారం

ఈరోజు జరిగిందంతా రాస్తాను.

డాక్టరమ్మ పెనుకొండ అవతల ఒక పల్లెకు సూదులు వెయ్యడానికి పోవాలి. నర్సు సెలవులో ఉంది, పెట్టె పట్టుకోవడానికి నువ్వు రా అని నన్ను పిలిచారు. అత్త డాక్టరమ్మకు కాదనలేదు. డాక్టరమ్మ వెనక కూచున్నారు. నేను ముందు.

పెనుకొండ దగ్గర కొండ ఎక్కుడులో ఎద్దుల బండి అడ్డం వచ్చింది. ఆయన ఆపాడు. బండి తప్పుకున్నాక ఫస్ట్ గేరు వెయ్యబోయాడు. పడలేదు. మళ్ళీ తోశాడు. కారు వెనక్కి జారింది. బ్రేకు తొక్కాడు. వెనక లారీ హారన్ కొడుతోంది. ఆయన నుదుటి మీద చెమట. రాడ్డు మీద ఉన్న చెయ్యి వణుకుతోంది, జ్వరం వచ్చినవాడి చెయ్యిలాగా.

నేను ఆ చెయ్యి మీద నా చెయ్యి పెట్టి తోశాను. గేరు పడింది. ఎక్కుడు ఎక్కేదాకా తియ్యలేదు.

పైకి వచ్చాక పక్కన ఆపాడు. డాక్టరమ్మ వెనక ఉన్నారని కూడా చూసుకోలేదు.

"నొప్పి అని చెప్తే నువ్వు మళ్ళీ ఈ సీట్లోకి రావాల" అన్నాడు. "మళ్ళీ ఆ మండీవోళ్ళ మాటలు పడాల. నీకు కన్నడం వచ్చునని నాకు తెల్దా? ఆ పొద్దు నీ మొగం చూసినా. అందుకే చెప్పలా."

నేను ఆయన సిగ్గుపడుతున్నాడని అనుకున్నాను. ఆయన నేను సిగ్గుపడుతున్నానని అనుకున్నాడు.

"ఆ రాడ్డు పని చెయ్యగూడదని నేను మొక్కుకున్నా" అన్నాను. "నీ పక్కన కూచోడం పోతాదని."

ఆయన నా వైపు చూశాడు. కోపం వస్తుందనుకున్నాను. "మొక్కు తీరింది గదా, కదిరికి పోవాల మరి" అన్నాడు.

డాక్టరమ్మ వెనక నుంచి, పల్లెలో పిల్లలు ఎండలో నిలబడి ఉంటారు, పోనియ్యండి అన్నారు.

తిరుగు దారిలో యోహాను షెడ్డు దగ్గర ఆగాం. పాత రాడ్డు మళ్ళీ వేసెయ్యమని ఆయన చెప్పాడు. యోహాను చిన్నబోయాడు. ఎంత గట్టిగా ఉందో చూస్తానని తను డ్రైవరు సీట్లో కూచుని క్లచ్చు తొక్కాడు. నువ్వు తోసి చూపించు అని ఆయనతో అన్నాడు. ఆయన ఎడమ వైపు నుంచి ఎక్కి, నా సీట్లో కూచుని, కుడి చేత్తో తోశాడు. రాడ్డు పడింది. లాగాడు, వచ్చింది. ఫస్టు, సెకండు, థర్డు, టాపు. టక్ టక్ టక్ టక్. ఆయనే ఆశ్చర్యపోయి మళ్ళీ చేశాడు.

"రాడ్డుది తప్పు గాదప్పా" అన్నాడు యోహాను. "నువ్వు కూచున్న పక్కదే తప్పు. కుడిచెయ్యి బాగుండాది గదా. స్టీరింగు ఇంగెవరన్నా పట్టుకుంటే సరిపోతాది."

నవ్వులాటకే అన్నాడు. ఎవరూ నవ్వలేదు. డాక్టరమ్మ నా వైపు చూస్తున్నారు.

ఏప్రిల్ 15

నేను చెయ్యలేనని రాత్రంతా అనుకున్నాను. పొద్దున ఆయన తాళం చెవి తెచ్చి నా చేతిలో పెట్టాడు.

ఏప్రిల్ 24, బుధవారం

కాలేజీ మైదానం. ముందు బండి గొర్రెపిల్లలాగా ఎగిరింది, ఆగిపోయింది. పదిసార్లు. ఆయన అరవలేదు. మగ్గం గుంటలో కాళ్ళతో తొక్కుతావు కదా, పోగు తెగకుండా ఎట్లా వదులుతావో అట్లా క్లచ్చు వదులు అన్నాడు. ఆ మాట ముందే చెప్పి ఉంటే పదిసార్లు ఆగేది కాదు.

గేర్లు ఆయన వేస్తున్నాడు, కుడి చేత్తో, ఆ పొట్టి రాడ్డుతోనే. నా మోకాలు చూస్తున్నాడు, ఇంజన్ వింటున్నాడు. అడగకముందే పడిపోతున్నాయి.

ఏప్రిల్ 30

అత్త నాతో మాట్లాడటం మానేసింది. ఆయనతో కూడా.

మే 19, ఆదివారం

కదిరికి పోయి వచ్చాం. సగం దూరం నేనే నడిపాను. స్వామి ముందు నిలబడి ఏమని దండం పెట్టాలో తెలియలేదు. తప్పయిందని పెట్టాను. థాంక్స్ అని కూడా పెట్టాను.

జూన్ 12, బుధవారం

అనంతపురం. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ నన్ను చూసి, పరీక్ష ఎవరికి అని ఆయన్ని అడిగాడు. ఆయన నన్ను చూపించాడు. ఇన్‌స్పెక్టర్ కాగితాలు రెండుసార్లు చదివాడు.

పరీక్షలో ఆయన పక్కన ఉండకూడదు. గేర్లు నేనే వెయ్యాలి. చీర కొంగు నడుముకు చుట్టుకుని కూచున్నాను. ఆ పొట్టి రాడ్డు చూసి ఇదేమిటని ఇన్‌స్పెక్టర్ అడిగాడు. బెంగళూరులో రేసులకు వాడేది సార్ అన్నాను. ఇన్‌స్పెక్టర్ సీటు అంచు పట్టుకున్నాడు. బజారు దాటి, రైల్వే గేటు దాటి, ఒక్క గేరు కూడా కరకరలాడకుండా తెచ్చి ఆపాను. వెనక్కి తియ్యమన్నాడు. తీశాను.

గేటు దగ్గర ఎండలో నిలబడి ఉన్నాడు గంగాధర. నేను దిగేసరికి ఆయన చొక్కా తడిసిపోయి ఉంది. పాసయ్యానని చెప్పకముందే కళ్ళు తుడుచుకున్నాడు. దుమ్ము అన్నాడు.

జూలై 7, ఆదివారం

డాక్టరమ్మ నెలకు ఎనిమిది రోజులు బండి మాట్లాడుకున్నారు. ధర్మవరం నుంచి కాన్పులకు పోయే ఆడవాళ్ళు, హైస్కూలు టీచరమ్మలు కూడా మా బండే కావాలంటున్నారు. మండీవాళ్ళు ఒక నెల ఎక్కలేదు. వేరే బండి దొరకని రోజు ఎక్కారు. ఇప్పుడు మామూలే.

నడుపుతూ గేర్లు కూడా నేనే వెయ్యగలను ఇప్పుడు. ఆయన వెయ్యక్కర్లేదు. ఆ సంగతి ఆయనకూ తెలుసు. అయినా వేస్తాడు. నేనూ వద్దనను.

అత్త మాట్లాడింది. నాతో కాదు. పక్కింటి ఆదెమ్మ అడిగిందట, మీ కోడలు కారు నడుపుతుందంట కదా అని. వంటింట్లోకి వినపడింది.

"నడిపేది మావాడే" అంది మా అత్త. "అది ఊరికే చక్రం పట్టుకుంటాది."

ఆగస్టు 11, ఆదివారం

ఆయన టైరు కోసం బెంగళూరు పోయాడు. డాక్టరమ్మ కబురు వచ్చింది, ధర్మవరంలో ఒకామెకు కష్టంగా ఉంది అని. ఒక్కదాన్నే పోయాను. పెనుకొండ ఎక్కుడు కూడా. తల్లీ బిడ్డా బాగున్నారు. బిడ్డ ఏడిస్తే వీధి దాకా వినిపించింది. బండిలో కూచుని విన్నాను.

తిరిగి వచ్చేసరికి ఆయన వాకిట్లో ఉన్నాడు. గేర్లు ఎవరు వేశారని అడిగాడు. నేనే అన్నాను. నా ఎడమ చెయ్యి తీసుకుని, తిప్పి తిప్పి చూశాడు. తర్వాత దాన్ని తన భుజం మీద పెట్టుకున్నాడు. నొప్పి ఉన్న చోట.